చెవి కోసిన కుక్క

నా భార్య కనకమహాలక్ష్మిని ఆమె సొంత తమ్ముడు బాబ్జీ చంపాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆసుపత్రి కాగితంలో కుక్క కాటు అని రాశారు. ఆ కాగితం రాసిన డాక్టరుకు బాబ్జీ ఎవరో తెలియదు.

మాది బందరు పక్కన సముద్రం ఒడ్డు పాలెం. మగవాళ్లం గిలకలదిండి నుంచి బోట్ల మీద వేటకు వెళ్తాం. వెళ్తే వారం, పది రోజులు. ఆడవాళ్లు చేపలకు ఉప్పేసి ఇసకలో వలలు పరిచి ఎండబెడతారు. ఎండే చేప దగ్గర కుక్క ఉండాలి. లేకపోతే కాకులు, కొంగలు, పక్క పాలెం కుక్కలు కలిసి సగం తినేస్తాయి. అందుకని మాలో ప్రతి ఇంటి ముందూ ఒక కుక్క ఉంటుంది. ఏ కుక్కకూ యజమాని మాత్రం ఉండడు. అన్నం మిగిలితే పెడతారు. ఎవరినైనా కరిస్తే పక్కింటిది అంటారు.

కనకం ఒక్కతే దీన్ని ఎత్తిపొడిచేది. "చేపలు కాసినంతసేపూ మన కుక్క, కరిచిన రోజున ఊరి కుక్కా?" అనేది.

నాలుగేళ్ల కిందట చిలకలపూడి దాటాక పాత రొయ్యల చెరువు గట్టు మీద కుక్కలకు ఒక షెడ్డు వేశారు. దాన్ని చూసేది సుమ అనే అమ్మాయి. పెడనలో కలంకారీ అద్దకం చేసే మార్కండేయులు గారి కూతురు. నాలుగు నెలలకోసారి ఆమె బండి మా పాలెం వచ్చేది. శామ్యూల్ రాజ్ అనే డ్రైవరు వలవేసి కుక్కల్ని పట్టేవాడు. షెడ్డుకు తీసుకెళ్లి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పిచ్చికుక్క రోగం రాకుండా సూది వేసి, నాలుగైదు రోజులకు ఎక్కడ పట్టారో అక్కడే వదిలేవాళ్లు. వదిలిన ప్రతి కుక్కకూ ఎడమ చెవి కొస కొంచెం కోసి ఉండేది.

మొదటిసారి వచ్చినప్పుడు సుమ వేలంపాకలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. చేపలు వేలం వేసే ఆ పాకలోనే మా ఊరి మాటలన్నీ జరుగుతాయి.

"చెవి కోసి ఉంటే దానికి ఆపరేషనూ అయినట్టు, సూదీ పడినట్టు. అయినా సరే, ఏ కుక్క కరిచినా మీరు సబ్బుతో కడుక్కుని ఆసుపత్రికి వెళ్లాలండీ. మీ కుక్క అనుకున్నవాళ్లు ఏడాదికోసారి షెడ్డుకు తీసుకురండి, మళ్లీ సూది వేస్తాం. కార్డు రాసిస్తాం. అన్నం పెట్టడం ఒక్కటే పెంపకం కాదు."

బాబ్జీ వెనక నుంచి లేచాడు. "సుమగారూ, మా ఆవిడక్కూడా ఓ సూది పొడవండి. పొద్దస్తమానం మొరుగుతోంది."

పాకంతా నవ్వింది. కనకం నవ్వలేదు. "ముందు నిన్ను ఎక్కించాలిరా బండి. నలుగుర్ని కన్నావు, ఒక్కడికి చొక్కా గుండీలు లేవు. నీకు కావాలి ఆపరేషను."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. బాబ్జీ కూడా నవ్వాడు. వాడు ఎప్పుడూ నవ్వే మనిషే. నవ్వేవాళ్లను నేను ఇప్పుడు నమ్మను.

బాబ్జీకి చుక్క అని ఒక ఆడకుక్క ఉండేది. నుదుటి మీద తెల్లమచ్చ. ఏడాది కూడా నిండలేదు, ఇంకా ఈనలేదు. కోడూరు వైపు రొయ్యల చెరువుల కాపలావాళ్లకు కుక్కలు కావాలి. నీటిపిల్లులు రాకుండా గట్టు మీద తిరగడానికి. చుక్క తల్లి ఈనిన పిల్లల్ని బాబ్జీ వాళ్లకే ఇచ్చాడు. బదులుగా రొయ్యలు తెచ్చుకుని, మందు తాగి వచ్చేవాడు. చుక్క పిల్లల్ని కూడా పుట్టకముందే ఇస్తానని ఒప్పుకున్నాడు. బండి వాళ్లు చుక్కను ఎత్తుకుపోతే ఆ రొయ్యలూ లేవు, ఆ మందూ లేదు.

మాకు చెవి కోత కొత్త సంగతి కాదు. లంకల్లో మేకల్ని వదిలేవాళ్లు ఎవరి మేకకు వాళ్లు ఒక తీరుగా చెవి కోసి పెట్టుకుంటారు. చెవి చూస్తే ఫలానావాళ్ల మేక అని తెలుస్తుంది, మరొకరు ముట్టుకోరు. కుక్క చెవిని కూడా మేం అలాగే అర్థం చేసుకున్నాం. అది బండివాళ్ల గుర్తు, ఉంటే ముట్టుకోరు, అంతే. ఆ గుర్తు చెప్పేది ఒంట్లో మందు పడిన సంగతి అని పాలెం మొత్తంలో కనకం ఒక్కదానికే బుర్రకెక్కింది.

దసరా వెళ్లాక ఒకరోజు కనకం చేపల బుట్టతో బందరు వెళ్లింది. నేను ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్నాను. బాబ్జీ చుక్కను చంకన పెట్టుకుని వచ్చాడు.

"బావా, ఓ నిమిషం దీని తల పట్టుకో."

"ఎందుకురా?"

"బండివాళ్లకి శ్రమ తగ్గిద్దాం."

నాకు అర్థమైంది. దాని తల మోకాళ్ల మధ్య పెట్టి నొక్కాను. వాడు వల కోసే కత్తితో ఎడమ చెవి కొస తీసేశాడు. అది ఒక్క అరుపు అరిచి నా కాలి మీద మూత్రం పోసింది. ఇద్దరం నవ్వుకున్నాం. వాడు పసుపు అద్ది తీసుకుపోయాడు.

సాయంత్రం కనకం వచ్చి చూసింది. "చుక్కకు చెవి కోశారేంటి? బండొచ్చిందా?"

"నువ్వటెళ్లగానే వచ్చిందక్కా," అన్నాడు బాబ్జీ. "దీనికేదో కొత్త పద్ధతంట. రోడ్డు మీద బండి దగ్గరికే తీసుకెళ్లా, గంటలో కోసేసి గంటలో దింపేశారు."

"మంచిపని చేశావురా. ఇన్నాళ్లకు నీకు బుద్ధొచ్చింది," అంది కనకం. ఆ పూట చుక్కకు చేప పులుసు కలిపి అన్నం పెట్టింది. నేను వల దగ్గర నుంచి తల ఎత్తలేదు.

తరువాతి విడత బండి వచ్చినప్పుడు శామ్యూల్ రాజ్ చుక్క చెవి చూసి, "ఇది అయిపోయిందే," అని పక్క కుక్క మీద వల వేశాడు. బాబ్జీ నాకు కన్ను కొట్టాడు. చుక్క చెవి సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది గానీ, చెవి కోసి ఉంటే బండివాళ్లు వదిలేస్తారన్న మాట ఊళ్లో పాకింది. వలకత్తి ఉన్న ప్రతివాడూ తెలివైనవాడు అయిపోయాడు.

మాఘమాసంలో నేను వేటలో ఉండగా చుక్క కనకాన్ని కరిచింది. రోజూలాగే అన్నం పెట్టబోతే మణికట్టు పట్టుకుంది. అదే పూట పక్కన చేపలు తిరగేస్తున్న తాతమ్మ పిక్క కూడా కరిచింది. తాతమ్మ డెబ్బై దగ్గరున్న మనిషి, ఒంటరిది, కనకానికి చేపల దగ్గర తోడు. ఇద్దరూ సబ్బుతో కడుక్కున్నారు. తాతమ్మ ఆసుపత్రికి వెళ్దామంది. కనకం ఆపింది. ఏ కుక్క కరిచినా వెళ్లాలని సుమ చెప్పిన మాట కనకమే నలుగురికీ చెప్పేది. కానీ తన చేత్తో తిండి పెట్టిన కుక్క దగ్గరికి వచ్చేసరికి ఆ మాట పక్కన పెట్టింది.

"చుక్కకి సూది పడిందిగా పిన్నీ. ఎండలో దానికి చిరాకెత్తింది. మనకేం కాదు."

అయిదో రోజుకు చుక్క కనబడలేదు. కోడూరు చెరువులవాళ్లకు ఇచ్చేశానని బాబ్జీ అందరికీ చెప్పాడు.

నేను ఒడ్డుకు వచ్చాక కనకం చెయ్యి చూపించింది. గాయం మానింది. నాలుగు నల్లటి మచ్చలు.

"సూది వేయించుకున్నావా?"

"నాకెందుకయ్యా? దానికే వేశారుగా. సుమగారు చెప్పలా, చెవి చూసుకోమని?"

నాకు తెలుసు. చుక్కకు సూది పడలేదని ఈ ప్రపంచంలో నాకూ బాబ్జీకీ మాత్రమే తెలుసు. ఆ మాట అప్పుడు చెప్తే ఆమె మరునాడు పొద్దున్నే బందరు వెళ్లి సూది వేయించుకునేది. చెప్పాలంటే కుక్క తల పట్టుకున్నది నేనని చెప్పాలి. ఆమె నోరు నాకు తెలుసు. వారం రోజులు సాధిస్తుంది. తమ్ముడి గుమ్మం తొక్కదు. పది రోజులు నీళ్ల మీద ఉండి వచ్చాను, ఇంట్లో గొడవ వద్దనుకున్నాను. గాయం మానిందిగా అనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఎల్లుండికల్లా బోటు మళ్లీ బయల్దేరింది.

మాటపడతానని మాట దాచాను. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. వెతికాను, లేదు.

చైత్రంలో వేట నిషేధం మొదలై బోట్లన్నీ ఒడ్డున ఆగాయి. నేను ఇంట్లోనే ఉన్నాను. కనకం చెయ్యి తిమ్మిరెక్కుతోందంది. రెండు రోజులు జ్వరం. మూడో రోజు పొద్దున మంచినీళ్ల గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని తాగలేకపోయింది. గొంతు బిగుసుకుపోయింది. గ్లాసు విసిరేసి, విసిరినందుకు సిగ్గుపడింది. "ఇదేంటయ్యా, నీళ్లంటే భయమేస్తోంది," అంది. ఫ్యాను గాలి తగిలితే ఒళ్లంతా ఎగిరిపడేది.

బందరు ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి చూడగానే అడిగాడు. "కుక్క కరిచిందా?"

"కరిచిందండి. కానీ చెవి కోసిన కుక్కండి," అంది కనకం.

డాక్టరు నా వైపు చూశాడు. "కార్డు ఉందా?"

లేదన్నాను. ఆయన గుంటూరు తీసుకెళ్లమన్నాడు. తీసుకెళ్లినా లాభం ఉండదని కూడా అన్నాడు. ఆ మాట వరండాలో నాకు ఒక్కడికే చెప్పాడు.

అంబులెన్సు కోసం చూస్తుంటే బాబ్జీ వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు.

"బావా, చుక్క కోడూరు పోలేదు."

"మరి?"

"చొంగ కార్చుకుంటా పాక గుంజని కొరుకుతోంది. తెడ్డుతో కొట్టి చంపేశా. సరుగుడు తోటలో పూడ్చా."

"ఎప్పుడు?"

"అక్కని కరిచిన నాలుగో రోజు."

"దానికి పిచ్చెక్కిందని నీకు తెలుసు."

"తెలుసు బావా."

"తెలిసి అక్కకి చెప్పలేదు."

"చెప్తే చెవి సంగతి బయటికొస్తది. అక్క చంపేస్తదని..." అన్నాడు.

వాడిని కొట్టలేదు. నాకూ వాడికీ తేడా ఎంతో ఆ క్షణంలో నాకు తెలుసు. నాకు కుక్క చెవి సంగతి తెలుసు, వాడికి కుక్క చావు సంగతి కూడా తెలుసు. ఆ ఒక్క సంగతిని పట్టుకునే నేను వాడిని ఈరోజుకీ క్షమించలేదు.

గుంటూరులో ఆమెను విడిగా చీకటి గదిలో ఉంచారు. బాబ్జీ భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కిటికీ దగ్గర నిలబడ్డారు. మధ్యాహ్నం కాసేపు తెలివిగా మాట్లాడింది. అప్పుడు నాతో అన్న మాటలు ఇవి.

"సుమగారికి చెప్పయ్యా. వాళ్ల సూది పనిచేయట్లేదని చెప్పు. పాపం ఆ పిల్లకి తెలీదు. ఇంకెవరికీ ఇలా అవకూడదు."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. పోయే మనిషికి చెప్పి బాధపెట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు. సాయంత్రానికి పోయింది.

కిటికీ దగ్గర ఆడవాళ్లు ఆ మాట విన్నారు. మాకంటే ముందు అది పాలెం చేరింది. సూది వేసిన కుక్కే కనకాన్ని చంపింది. చచ్చేముందు కనకమే చెప్పింది. అబద్ధం చెప్పే మనిషి కాదు కనకం. ఆమె మాటకు ఊళ్లో అంత విలువ.

పెద్దకర్మ కాకముందే మూడు సంగతులు జరిగాయి. సూదులకు రండని ఆరోగ్యశాఖ వాళ్లు వస్తే ఎవరూ వెళ్లలేదు. కుక్కలకు విషం పెట్టాలని కుర్రాళ్లు మాట్లాడుకున్నారు. తాతమ్మ దివిసీమలో పసరు పోసే మనిషి దగ్గరికి వెళ్లి వచ్చింది. ఏదో ఆకు పసరు తాగించాడు. ఉప్పు, పులుపు మానెయ్యమన్నాడు.

"సూది వేసుకో పిన్నీ," అన్నాను నేను.

"సూది వేసిన కుక్కకే పిచ్చెక్కితే సూదికి విలువేంటిరా వెంకటస్వామీ? నీ పెళ్లామే చెప్పి పోయిందిగా," అంది తాతమ్మ. ఆమె పిక్క మీద కూడా అవే నాలుగు మచ్చలు. కనకానికి రోగం పైకి రావడానికి యాభై రోజులు పట్టింది. ముసలిదానికి ఎన్ని రోజులు మిగిలాయో ఎవరికీ తెలియదు.

పెద్దకర్మ మరునాడు వేలంపాకలో ఊరు కూడింది. కులపెద్ద పిచ్చేశ్వరరావు గారు మధ్యలో కూర్చున్నారు. మాలో ఊరంతా కూర్చుని చేసిన కట్టుబాటును ఎవరూ దాటరు. ఆరోజు చేయబోయే కట్టుబాటు ఏమిటో అందరికీ ముందే తెలుసు. షెడ్డు బండి పాలెం పొలిమేర దాటకూడదు. ఊళ్లో కుక్క మిగలకూడదు.

సుమ వచ్చింది. రమ్మని ఎవరూ పిలవలేదు. చేతిలో పుస్తకం ఉంది.

"అయ్యా, చుక్క అనే కుక్క మా పుస్తకంలో లేదండీ. మేం కోసిన ప్రతి కుక్కకూ ఫొటో ఉంది, తేదీ ఉంది. దీన్ని మేం ముట్టుకోనే లేదు."

"రాసుకోవడం మర్చిపోయుంటావమ్మా," అన్నారు పిచ్చేశ్వరరావు గారు.

"మర్చిపోలేదండీ."

"చెవి కోసుందని ఊరంతా చూసింది. దానంతట అదే కోసుకుందా?"

ఎవరో నవ్వారు. కుర్రాడొకడు, "అద్దకం పనికి పోవమ్మా, గుడ్డలయితే కరవవు," అన్నాడు. సుమ పుస్తకం పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కదలలేదు. "నన్ను రానివ్వకపోయినా సరే. తాతమ్మగారిని మాత్రం ఈరోజే ఆసుపత్రికి పంపండి," అంది.

తాతమ్మ ముఖం తిప్పుకుంది.

బాబ్జీ స్తంభం పక్కన గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు. వాడు చెప్పడని నాకు తెలుసు. నేను చెప్తే కనకం చివరి మాట తప్పని ఊరి ముందు నేనే అన్నట్టు. చెప్పకపోతే తాతమ్మ కూడా చీకటి గదిలో పడుకుంటుంది.

లేచాను.

"చుక్క చెవి బాబ్జీ కోశాడు. వలకత్తితో. తల నేను పట్టుకున్నాను."

బాబ్జీ, "బావా!" అన్నాడు. వాడి వైపు చూడలేదు.

"చుక్కకి సూది పడలేదు. దానికి పిచ్చెక్కితే బాబ్జీ చంపి సరుగుడు తోటలో పూడ్చాడు. కనకానికి ఇవేమీ తెలియవు. తెలియక ఆ మాట అంది."

పిచ్చేశ్వరరావు గారు నా వైపు తిరిగారు. "కుక్క కరిచిందని నీకెప్పుడు తెలిసింది?"

"వేట నుంచి రాగానే."

"అప్పుడు చెప్పావా ఆమెకి?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"తిడుతుందని."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. తరువాత పాక మొత్తాన్ని చూస్తూ అడిగారు. "ఇంకెవరెవరు కోశారు?"

ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి. మొత్తం తొమ్మిది ఇళ్లు. సూది లేని తొమ్మిది కుక్కలు సూది గుర్తు పెట్టుకుని మా పిల్లల మధ్య తిరుగుతున్నాయి. సుమ పుస్తకం మూసేసి నేల మీద కూర్చుండిపోయింది.

తాతమ్మ లేచింది. నా దగ్గరికి వచ్చి ఆగింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "నీ చేతి అన్నం కుక్క కూడా ముట్టదురా ఇక," అంది. సుమను రెక్క పట్టుకుని లేపింది. "పదమ్మా, ఏ సూదో పొడిపించు."

ఆమెకు సూదులన్నీ పడ్డాయి. ఇప్పటికి ఏడాది దాటింది, బతికే ఉంది. చేపలు ఎండబెట్టేచోట నేను కనిపిస్తే వీపు తిప్పుతుంది. అది న్యాయమే.

కట్టుబాటు వేరేగా జరిగింది. కుక్కను ఉంచుకున్న ఇల్లు దాని పేరు చెప్పాలి, కార్డు చూపించాలి. కార్డు లేని కుక్క షెడ్డుకు పోవాలి. చెవి మీద కత్తి పెట్టినవాడి చేపకు ఆ సీజను వేలంలో పాట లేదు. ఆ తొమ్మిదింటికీ శామ్యూల్ రాజ్ వచ్చి సూదులు వేయించాడు. ఇప్పుడు వాటి మెడలకు ఎర్ర పట్టీలు, పట్టీల మీద నంబర్లు ఉన్నాయి. పాలెంలో కుక్కలు తగ్గాయి. ఉన్నవాటికి యజమానులు ఉన్నారు. ఇదంతా కనకం బతికుండగా రెండేళ్లు చెప్పింది. అప్పుడు నవ్వారు.

బాబ్జీ కోడూరు పోయి రొయ్యల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. ఒంట్లో బాగుండటం లేదని, ఒకసారి వచ్చి చూడమని కబురు పెట్టాడు. కబురు తెచ్చినవాడికి మంచినీళ్లిచ్చి పంపాను. కబురుకు జవాబు ఇవ్వలేదు. ఇవ్వను. కుక్క తల పట్టుకున్నవాడివి నువ్వు కూడా అని నన్నెవరైనా అనొచ్చు. అన్నవాళ్లు ఉన్నారు. నా వంతు నేను మోస్తున్నాను. నేను మోస్తున్నంత మాత్రాన వాడి వంతు తగ్గదు.

మొన్న సుమ మళ్లీ వచ్చింది. గుడివాడ వైపు, దివిసీమలో బడులు తిరిగి పిల్లలకూ పెద్దలకూ చెప్తోందట.

"మీరొచ్చి ఒక్కసారి చెప్పండి బాబాయ్ గారూ. నేను వందసార్లు చెప్పినా వినరు. మీరు చెబితే వింటారు."

"రాను."

"ఒక్క ఊరికైనా రండి. కనకం పిన్నిగారి కోసం."

"ఆమె కోసం చెప్పాల్సిన రోజు చెప్పలేదు. ఇప్పుడు మైకులో చెప్తే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నాకొద్దు."

పోనీ రాసివ్వండి, నేను చదివి వినిపిస్తాను అంది. అందుకు ఒప్పుకున్నాను. జరిగింది జరిగినట్టు రాశాను. బాబ్జీ పేరు మార్చలేదు, నా పేరూ మార్చలేదు. సుమ దీన్ని ఎక్కడైనా చదువుకోవచ్చు. నన్ను మాత్రం ఎవరూ అడగడానికి రావద్దు. వేలంపాకలో ఒకసారి చెప్పాను, ఇక్కడ ఒకసారి రాశాను. ఇక ఈ సంగతి బతికున్నంత కాలం మాట్లాడను.